స్తన్యపానం, శిశుపోషణ: ఆరోగ్య కార్యకర్త నేర్వవలసిన విద్య

బిడ్డకు తల్లిపాలను మించిన ఆహారం లేదన్న మాట ఇప్పుడు ఎవరికీ కొత్త కాదు. ఆసుపత్రి గోడల మీదా, క్యాలెండర్ల మీదా ఆ మాట కనిపిస్తూనే ఉంటుంది. చదువుకున్న కుటుంబాలలో దానిని కాదనేవారూ లేరు. అయినప్పటికీ నా వైద్యశాలకు వచ్చే బాలింతలలో ఎక్కువమంది చెప్పే మొదటి మాట ఒక్కటే: "పాలు చాలడం లేదండీ, పాలు పడేందుకు ఏదైనా మందు ఇవ్వండి."

నేను చాలాకాలం మందే ఇచ్చాను. శతావరి (పిల్లితేగలు) చూర్ణం పాలతో కలిపి రెండు పూటలా పుచ్చుకోమనేవాడిని. కొందరికి గుణం కనిపించింది. కనిపించనివారు మరల నా వద్దకు రాలేదు. వారి పిల్లలు డబ్బాపాలకు మారిపోయారని తర్వాత ఎవరో చెబితే తెలిసేది. వీరి విషయంలో నా లెక్క ఎక్కడ తప్పుతున్నదో నాలుగేళ్ళ క్రిందట ఒక ఆశా కార్యకర్త వల్ల నాకు తెలిసివచ్చింది.

ఆ ఉదయం పన్నెండు రోజుల పసికందును ఎత్తుకొని ఒక అమ్మమ్మగారు, ఆమె వెంట కూతురు, వారి వెనుక చేతిసంచీతో ఆశా కార్యకర్త వచ్చారు. బిడ్డ రాత్రంతా ఏడుస్తున్నదనీ, తల్లికి చనుమొనలు పగిలి రక్తం వస్తున్నదనీ, "మా ఇంటి ఆడవాళ్ళకు మొదటినుంచీ పాలు తక్కువే" అనీ అమ్మమ్మగారు చెప్పారు. నేను చీటీ వ్రాశాను. ఇవ్వబోతుండగా ఆశా కార్యకర్త కొంచెం జంకుతూనే, "అయ్యగారూ, ఏమీ అనుకోకపోతే బిడ్డ పాలు ఎలా తాగుతున్నదో లోపల ఒక్కసారి చూస్తానండీ" అన్నది. మా గృహిణి వారిని లోపలి గదిలోకి తీసుకొని వెళ్ళింది.

ఇరవై నిమిషాలకు ఏడుపు ఆగింది. జరిగినది మా గృహిణి చెప్పగా విన్నాను. ఆ తల్లి బిడ్డను ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టి, మెడను మాత్రం ప్రక్కకు తిప్పి, తాను వంగి చనుమొనను నోటిలో పెడుతున్నదట. మనం మెడ ప్రక్కకు తిప్పుకొని గుక్కెడు నీళ్ళు తాగి చూస్తే ఆ బిడ్డ కష్టం ఏమిటో తెలుస్తుంది. ఆశా కార్యకర్త వెంటనే చేయి వేయలేదు. "రాత్రి ఎలా గడిచిందమ్మా?" అని అడిగి, ఆమె చెప్పినదంతా విన్నది. అంత నొప్పిలోనూ పన్నెండు రోజులుగా మానకుండా పాలిస్తున్నందుకు మెచ్చుకున్నది. ఆపైన వీపుకు దిండు పెట్టించి, బిడ్డ దేహమంతా తల్లివైపు తిరిగేట్లు, కడుపుకు కడుపు ఆనేట్లు పట్టుకోమన్నది. చనుమొనను బిడ్డ పై పెదవికి తాకించి, నోరు ఆవులింతలా పెద్దదిగా తెరిచేదాకా ఆగి, అప్పుడు బిడ్డనే రొమ్ముకు దగ్గరగా తెచ్చుకోమన్నది. మూడుసార్లు తప్పి నాలుగవసారికి పట్టు కుదిరింది. "నొప్పి లేదే!" అని ఆ తల్లి ఆశ్చర్యపోయిందట. బిడ్డ గుటకలు వేయడం గది అవతలికి కూడా వినిపించిందట.

నా చీటీ బల్లమీదనే ఉండిపోయింది.

"ఇది ఎక్కడ నేర్చుకున్నావమ్మా?" అని అడిగాను. జిల్లా కేంద్రంలో ఐదు రోజుల శిక్షణకు వెళ్ళివచ్చాననీ, అయితే అక్కడ విన్నదానికంటె, తమ ఎ.ఎన్.ఎం. సిస్టరమ్మ ప్రక్కన నిలబడి పదిమంది తల్లుల దగ్గర తనచేత చేయించడంవల్లనే ఆ పని చేతికి వచ్చిందనీ చెప్పింది. మరుసటి జట్టుకు శిక్షణ జరిగినప్పుడు నేను అనుమతి అడిగి వెనుక బెంచీలో కూర్చున్నాను. ఇక్కడ చెప్పబోయేది చాలావరకు అక్కడ చూసినదీ, దానిని నేను చదివిన శాస్త్రంతో పోల్చుకున్నదీ.

ఆసుపత్రి పురుడు, అయినా ఆలస్యం

పుట్టిన గంటలోపల బిడ్డకు చన్ను అందించాలనీ, ఆరు నెలలు నిండేవరకు తల్లిపాలు తప్ప మంచినీళ్ళు కూడా అవసరం లేదనీ, ఆ తర్వాత మెత్తని ఆహారం మొదలుపెట్టి రెండేళ్ళవరకు, ఆపైన కూడా తల్లిపాలు కొనసాగించాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ చెబుతున్నాయి. మన ప్రభుత్వ విధానమూ ఇదే. 2016లో కేంద్ర ఆరోగ్య శాఖ 'మా' అనే పేరుతో ప్రత్యేకంగా ఒక కార్యక్రమాన్నే ప్రారంభించింది.

ఆచరణ ఎలా ఉన్నదో 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతున్నది. దేశంలో నూటికి 88కి పైగా కాన్పులు ఆసుపత్రులలోనే జరిగాయి. కాని గంటలోపల చనుబాలు అందిన పిల్లలు నూటికి 42 మందికి లోపే. ఆంధ్రప్రదేశ్‌లో ఈ సంఖ్య 52. తెలంగాణలో నూటికి 97 కాన్పులు ఆసుపత్రులలో జరిగినా గంటలోపల పాలు అందినవారు 37 మందే. మంత్రసాని చేతిమీద ఇంటిలో పురుళ్ళు జరిగే రోజులలో ఈ ఆలస్యానికి మనం మూఢనమ్మకమని పేరు పెట్టాం. ఇప్పుడు బిడ్డ పుడుతున్నది డాక్టర్లు, నర్సుల చేతుల్లో. ఈ ఆలస్యానికి ఇప్పుడు ఏ పేరు పెట్టాలి?

శస్త్రచికిత్సతో అయ్యే కాన్పులు పెరగడం ఒక కారణమని అంటారు. అదే సర్వే ప్రకారం తెలంగాణలో అవి నూటికి 60 దాటాయి. అయితే నేడు ఎక్కువగా వెన్నులో మత్తు ఇస్తున్నారు గనుక తల్లి మెలకువగానే ఉంటుంది. తల్లీబిడ్డలు నిలకడగా ఉంటే బిడ్డను తుడిచి తల్లి ఎదమీద ఉంచడానికి శస్త్రచికిత్స అడ్డు కాదు. కుట్లమీద బరువు పడకుండా ప్రక్కకు తిరిగి పడుకొని పాలివ్వవచ్చు, బిడ్డను చంక క్రిందుగా పట్టుకొనీ ఇవ్వవచ్చు. అందుకు ప్రక్కన నిలబడే నర్సు ఒకరు కావాలి, ఆ పట్టు ఆమెకు తెలిసి ఉండాలి. ఆ నర్సే "ఆపరేషన్ అయినవారికి మూడు రోజులదాకా పాలు రావు" అని నమ్మితే బిడ్డ మరొక గదిలో డబ్బాపాలతో నిద్రపోతుంది. మొదటి మూడు రోజులు అలా గడిచిన తర్వాత తల్లి నా వంటివాడి దగ్గరకు పాలమందు కోసం వస్తుంది.

శాస్త్రం చెప్పినది, నేను మానుకున్నది

ఇక్కడ మా శాస్త్రాన్ని గురించి కూడా దాపరికం లేకుండా చెప్పుకోవాలి. ప్రసవం తర్వాత మూడు నాలుగు రాత్రులు గడిచాక స్త్రీకి స్తన్యం ప్రవర్తిస్తుందని సుశ్రుతుడు శారీరస్థానంలో చెప్పి, ఆలోపల శిశువుకు తేనె, నెయ్యి వంటివి నాకించమని విధించాడు. చరకుడు కూడా తేనె, నేతులను చెప్పాడు గాని, ఆ వెనువెంటనే కుడి స్తనం ఇవ్వమన్నాడు. మా గురువుగారిది సుశ్రుతుని పక్షం. నేనూ ఆయన చెప్పినట్లే చాలా ఇళ్ళలో పుట్టిన బిడ్డకు బంగారు ఉంగరంతో తేనె నాకించాను.

సుశ్రుతుడు చూసినది అబద్ధం కాదు. పాలు నిండుగా దిగేది మూడవ, నాలుగవ రోజుననే. ఆలోపల ఊరేవి పసుపు ఛాయలో, చిక్కగా, కొద్దిపాటిగా ఉండే ముర్రుపాలు. తెల్లగా ధారగా వచ్చేదే పాలు అనుకునేవారి లెక్కలోకి ఇవి రావు. రోగాలనుండి కాపాడే పదార్థాలు, ఎ విటమిను వీటిలో మెండుగా ఉంటాయి. బిడ్డ కడుపులోని మొదటి నల్లని మలాన్ని వెడలించేవీ ఇవే. మొదటిరోజు బిడ్డ కడుపుకు ఒక విడతకు చెంచాడు రెండు చెంచాలు చాలు, అంతే ఊరుతుంది. ఆవు ఈనితే జున్నుపాలకోసం గిన్నెలు పంపించుకొనే మనం, కన్నతల్లి ముర్రుపాలను పిండి గోడకు పోయించిన రోజులు ఉన్నాయి. ఇప్పటికీ అక్కడక్కడ పోయిస్తున్నారు.

ఇక తేనె. క్లాస్ట్రీడియం బాట్యులినమ్ అనే సూక్ష్మజీవి బీజాలు ఒక్కొక్కప్పుడు తేనెలో ఉంటాయి. పెద్దవారికి వాటివల్ల హాని లేదు. పసిబిడ్డ ప్రేగులలో మాత్రం అవి మొలకెత్తి విషాన్ని పుట్టించగలవు. అప్పుడు బిడ్డ కండరాలు సడలిపోతాయి, చన్ను చప్పరించలేదు, ఊపిరికే ప్రమాదం రావచ్చు. ఇది అరుదైన జబ్బే. కాని తెలిసి తెలిసి ఆ ప్రమాదాన్ని బిడ్డ నాలుకమీద పెట్టనవసరం లేదు. ఏడాది నిండని బిడ్డకు తేనె ఏ రూపంలోనూ ఇవ్వరాదు. తేనెను అనుపానంగా చెప్పే మందులకూ ఇది వర్తిస్తుంది. ఈ మాట కొందరు పెద్దలకు రుచించదని తెలుసు. నా చేతితో తేనె నాకిన పిల్లలకు ఏమీ కాలేదని నేనూ కొన్నాళ్ళు సమాధానపడ్డాను. తర్వాత ఆ పని మానుకున్నాను. పుట్టిన బిడ్డకు ఆముదం, పంచదార నీళ్ళు, గాడిదపాలు పట్టే ఆచారాలనుగూడా అదే కారణాన వదిలివేయమంటున్నాను. నోటిద్వారా రోగం ప్రవేశించే దారులవి. తల్లిపాల ఆకలిని చంపేవి కూడా.

అదే సుశ్రుతుడు నిదానస్థానంలో చెప్పిన మరొక విషయం చూడండి. బిడ్డను తాకినా, చూసినా, తలచుకున్నా, ఎత్తుకున్నా స్తన్యం స్రవిస్తుందనీ, ఎడతెగని వాత్సల్యమే దానికి కారణమనీ అంటాడు. కోపం, శోకం, బిడ్డపై ప్రేమ లేకపోవడం పాలను హరిస్తాయని వేరొకచోట అంటాడు. శిక్షణలో బోర్డుమీద ఆక్సిటోసిన్ అనే హార్మోను బొమ్మ గీసి చెప్పినది సరిగ్గా ఇదే. బిడ్డ ఏడుపు విన్నా ఆ హార్మోను విడుదలై పాలను ముందుకు తోస్తుంది. నొప్పి, బెంగ, అవమానం దానిని తాత్కాలికంగా అడ్డుకుంటాయి. "నీకు పాలెక్కడున్నాయి?" అని అత్తగారో, నర్సో విసుక్కుంటే ఆ మాటకే పాలు దిగడం ఆగుతుందంటే అతిశయోక్తి కాదు. వెనుక బెంచీలో కూర్చున్న నాకు ఆ పూట చాలా సంతోషం కలిగింది.

చెలమ వంటిది

పాలు ఊరే విధం తెలియకపోతే శిక్షణలో తక్కినదేదీ అర్థం కాదు. ఏటి ఇసుకలో చెలమ తోడినవారికి ఇది సులువుగా తెలుస్తుంది. తోడినకొద్దీ ఊరుతుంది, తోడకపోతే నిలిచిపోతుంది. బిడ్డ చప్పరించినప్పుడు ప్రొలాక్టిన్ అనే మరొక హార్మోను తర్వాతి విడతకు పాలను సిద్ధం చేస్తుంది. అది రాత్రివేళ ఎక్కువగా పుడుతుంది. కనుక "రాత్రిళ్ళు అమ్మాయి నిద్రపోవాలి, ఒక సీసా పాలు పట్టేద్దాం" అని ప్రేమతో అనే అమ్మమ్మగారు తెలియకుండానే పగటి పాలను కూడా తగ్గిస్తున్నారన్నమాట. రొమ్ములో పాలు మిగిలిపోతే ఆ రొమ్ములో ఉత్పత్తి దానంతటదే తగ్గుతుంది. డబ్బాపాలు పట్టిన ప్రతి విడతా ఒకసారి చెలమ తోడకుండా వదిలినట్టే. నాలుగు రోజులకు పాలు నిజంగానే తగ్గుతాయి, "చెప్పలేదూ, పాలు లేవని!" అనుకుంటారు.

అందువల్ల రోజుకు ఎనిమిదినుండి పన్నెండుసార్లు, బిడ్డ అడిగినప్పుడల్లా, రాత్రులు కూడా పాలివ్వాలి. నాలుగవ రోజున రొమ్ములు బిగిసి రాయిలా అయితే ముందు కొద్దిగా పిండి మెత్తపరచి ఆ తర్వాత బిడ్డకు అందించాలి. మొదట కొంచెం పిండమని సుశ్రుతుడూ చెప్పాడు.

ఐదు రోజులలో ఏం నేర్పుతారు?

ఆరోగ్య కార్యకర్తలకోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ కలిసి 1993లో నలభై గంటల శిక్షణక్రమం ఒకటి తయారుచేశాయి. తర్వాత వచ్చినవన్నీ చాలావరకు దాని అడుగుజాడలలోనివే. నేను చూసిన శిక్షణలో ముప్పయిమందికి లోపుగా నర్సులు, ఎ.ఎన్.ఎం.లు, కొద్దిమంది ఆశా కార్యకర్తలు ఉన్నారు. బల్లమీద గుడ్డబొమ్మలు, మేజోడులో దూది కూరి కుట్టిన రొమ్ము నమూనా. మొదట అందరూ నవ్వారు. రెండవ పూటకు ఆ బొమ్మలను ఒళ్ళో పెట్టుకొని నిజమైన బిడ్డలను పట్టుకున్నంత శ్రద్ధగా పట్టుకున్నారు.

నన్ను ఎక్కువ ఆకర్షించినది వినడం నేర్పే పాఠం. వైద్యులమైన మాకు ప్రశ్నలు వేయడం వచ్చుననుకుంటాం. "బిడ్డకు పాలు సరిగ్గా ఇస్తున్నావా?" అని ఒక ఎ.ఎన్.ఎం. అడిగింది. తల్లి వేషం వేసిన మరొకామె "ఆఁ" అన్నది. సంభాషణ అక్కడితో ముగిసింది. శిక్షకురాలు ఆపి, "ఇప్పుడు నీకేం తెలిసింది?" అని అడిగారు. ఏమీ తెలియలేదు. అదే ప్రశ్నను "బిడ్డకు పాలు ఎలా పడుతున్నావో చెప్పమ్మా" అని మార్చగానే రాత్రి సీసా సంగతి, అత్తగారి మాటలు, చనుమొన నొప్పి ఒకదాని వెంట ఒకటి బయటపడ్డాయి. 'సరిగ్గా', 'బాగా', 'చాలినన్ని' అనే మాటలు తల్లిని పరీక్షలో నిలబెట్టేవి గనుక వాటిని వాడవద్దన్నారు. తల్లి చెప్పినది తప్పయినా వెంటనే ఖండించవద్దనీ, ఆమె బాధను ముందు గుర్తించమనీ, ఆమె చేస్తున్న మంచిపనిని ఒక్కటైనా ఎత్తి చెప్పమనీ, చివరకు ఒకటి రెండు సూచనలకు మించి ఇవ్వవద్దనీ నేర్పారు. అదీ ఆజ్ఞగా కాదు, "ఇలా చేసి చూద్దామా?" అన్నట్లుగా. నలభై ఏళ్ళుగా పథ్యాపథ్యాలు ఏకరువు పెట్టడానికి అలవాటుపడిన నా నాలుకకు ఇది కష్టమైన పాఠమే.

తరువాత కంటికి పని. బిడ్డ పట్టు కుదిరినదని చెప్పే గుర్తులు నాలుగు: నోరు బాగా తెరుచుకొని ఉండడం, క్రింది పెదవి వెలుపలికి తిరిగి ఉండడం, గడ్డం రొమ్మును తాకుతూ ఉండడం, చనుమొన చుట్టూ ఉండే నల్లని వలయం బిడ్డ నోటికి క్రిందికంటె పైన ఎక్కువగా కనిపించడం. బిడ్డ చనుమొనను మాత్రమే నమిలితే పగుళ్ళు తప్పవు, పాలూ రావు. పగుళ్ళకు మేము శతధౌత ఘృతం వంటివి వ్రాస్తాం. అవి మంటను తగ్గిస్తాయి, పాలిచ్చే ముందు తుడిచివేయాలి. కాని పట్టు మారనిదే పుండు మరల రేగుతుంది. చివరి పాలచుక్కనే పగులుమీద రాసి ఆరనివ్వడం ఏ ఖర్చూ లేని ఉపాయం.

నిజంగా పాలు చాలడం లేదని నిర్ణయించడానికి నమ్మదగిన గుర్తులు రెండే. మొదటి రెండు వారాలు గడిచాక నెలకు అర కిలో అయినా బరువు పెరగకపోవడం ఒకటి. రోజుకు ఆరుసార్లకంటె తక్కువగా, పచ్చగా, ఘాటుగా మూత్రం పోయడం రెండవది. బిడ్డ ఏడవడం, పిండితే పాలు రాకపోవడం, రొమ్ములు మెత్తగా ఉండడం ఇవేవీ రుజువులు కావు. శతావరి, మెంతులు, వెల్లుల్లి, మునగాకు నేను మానలేదు. వాటి వరుస మార్చాను. ముందు పట్టు, తర్వాత ఎన్నిసార్లు ఇస్తున్నదీ, తర్వాత తల్లి తిండి, నిద్ర, ఆపైన మందు. బాలింతకు దాహానికి నీళ్ళు ఇవ్వని పథ్యం, పప్పు, కూరగాయలు మానిపించే పథ్యం ఏ సంహితలోనూ నాకు కనిపించలేదు.

మూడవరోజు అందరినీ ప్రసూతి వార్డుకు తీసుకొని వెళ్ళారు. నేను వరండాలోనే ఉండిపోయాను. తిరిగివచ్చాక ఇరవై ఏళ్ళ సర్వీసున్న ఒక నర్సు, "ఇన్నేళ్ళలో ఒక తల్లి ప్రక్కన అరగంట ఊరికే కూర్చున్నది ఇదే మొదటిసారి" అన్నది. ఆ మాట తర్వాత కాసేపు గదిలో ఎవరూ మాట్లాడలేదు.

లోపాలూ చూశాను. నాలుగవనాటి మధ్యాహ్నమంతా తెరమీద బొమ్మలు చూపుతూ ఉపన్యాసాలే. సగంమంది కునికారు, నేనూ కునికాను. శిక్షణ ముగిసి సర్టిఫికెట్లు అందుకున్నాక, వీరు పనిచేసేచోటికి వెళ్ళి చేతిపని చూసి దిద్దేవారు అందరికీ ఉండరు. మా ఆశా కార్యకర్తకు ఆ సిస్టరమ్మ దొరకడం అదృష్టం. మా గురుకులంలో కషాయం కాయడం గురించి ఎవరూ ఉపన్యసించలేదు. నాలుగేళ్ళు పొయ్యి దగ్గర కూర్చోబెట్టారు. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ తమ 'పది సూత్రాల'ను సవరించినప్పుడు, సిబ్బందికి తగిన జ్ఞానం, సామర్థ్యం, నైపుణ్యం ఉన్నాయా అన్నదే ముఖ్యమని ప్రకటించాయి. శిక్షణ ఎన్ని గంటలు జరిగిందన్న పాతలెక్క వెనుకకు పోయింది. ఇది మా పద్ధతికి దగ్గరైన మాట.

ఆరు నెలలు నిండాక

ఆరవ మాసంలో లఘువైన హితాన్నం పెట్టమని సుశ్రుతుడు, పండ్లతో మొదలుపెట్టమని కాశ్యపుడు చెప్పారు. మన అన్నప్రాశన సంప్రదాయం ఈ విషయంలో చక్కగా సరిపోయింది. చిక్కు ఆ మరునాటినుండి. వేడుకగా పాయసం నాకించి, తర్వాత రెండు నెలలు పప్పుకట్టు, పలుచని జావ, బిస్కెట్టు నానబెట్టిన పాలు. పైన చెప్పిన సర్వేలోనే 6నుండి 23 నెలల పిల్లలలో తగినంత ఆహారం అందుతున్నవారు దేశంలో నూటికి 11 మందేనని తేలింది. ఇది పేదరికంవల్ల మాత్రమే అనుకోకండి. ఫ్రిజ్ నిండా పండ్లున్న ఇళ్ళలోనూ ఈ నీళ్ళ తిండి చూస్తున్నాను.

కార్యకర్తలకు నేర్పే పరీక్ష సులువైనది. చెంచాను వంచితే జారిపోయే ఆహారం పలుచన, చెంచామీద నిలిచేది తగిన చిక్కన. మెత్తగా మెదిపిన అన్నం, చిక్కని పప్పు, ఆకుకూర, చెంచాడు నెయ్యి లేదా నూనె, తినే ఇళ్ళలో గుడ్డుసొన. 6–8 నెలలలో రెండు మూడు చెంచాలతో ఆరంభించి, పావు లీటరు పట్టే గిన్నెలో సగానికి పెంచుతూ రోజుకు రెండు మూడుసార్లు. 9–11 నెలలలో అరగిన్నె చొప్పున మూడు నాలుగుసార్లు. ఏడాది దాటాక ముప్పాతిక నుండి నిండుగిన్నె మూడు నాలుగుసార్లు, మధ్యలో ఒకటి రెండుసార్లు చిరుతిండి. వీటితోపాటు తల్లిపాలు సాగుతూనే ఉండాలి. జ్వరం వచ్చినా, విరేచనాలయినా తల్లిపాలు ఆపకూడదు, అన్నం మాన్పకూడదు.

ఉద్యోగానికి వెళ్ళే తల్లి పాలు పిండి ఉంచితే ఇంట్లోవారు పట్టవచ్చు. మన ఎండలకు నాలుగు గంటలకు మించి బయట ఉంచవద్దు. సీసా అక్కరలేదు. మన అమ్మమ్మల ఉగ్గుగిన్నెను అటకమీదనుండి దింపండి. దానిని వేడినీటిలో మరిగించి శుభ్రం చేయడం సులువు. సీసా పీకలోనూ, తిత్తిలోనూ మురికి చేరితే కంటికి కనిపించదు.

మీ గుమ్మంలోకి వచ్చినప్పుడు

ఈ పత్రిక చదివే కుటుంబాలలో చాలామంది, ఆశా కార్యకర్త అంటే పేదవారికోసం ప్రభుత్వం పెట్టిన మనిషి అనుకుంటారు. కూతురిని పురిటికి తీసుకొనివచ్చిన ఇంటికి ఆమె వస్తే, "మాకు పెద్ద డాక్టరున్నారమ్మా" అని గుమ్మంలోనుంచే పంపేయడం నేను చూశాను. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డను 3, 7, 14, 21, 28, 42వ రోజులలో ఇంటికి వచ్చి చూడడం 2011నుండి ఆమె విధులలో ఉన్నది. 2018నుండి 3, 6, 9, 12, 15వ నెలలలో కూడా. పాలు దిగే రోజులు, రొమ్ము బిగిసే రోజులు, తల్లి ధైర్యం జారే రోజులు ఆ మొదటి వారాలలోనే ఉన్నాయి. పెద్ద డాక్టరు ఆ రోజులలో మీ ఇంటికి రారు. ఆమెను కూర్చోబెట్టి, బిడ్డను తూచమని అడగండి. రొమ్ములో గడ్డ, తల్లికి చలిజ్వరం, బిడ్డ మందకొడిగా ఉండి చన్ను పట్టకపోవడం ఇటువంటివి కనిపిస్తే ఆమె కూడా మీకు ఆసుపత్రినే చూపుతుంది, నేనూ అంతే.

పురిటికి ఆసుపత్రి ఎంచుకొనేటప్పుడు గది అద్దె అడిగినట్లే ఈ ప్రశ్నలూ అడగండి. బిడ్డను గంటలోపల తల్లి ఎదమీద ఉంచుతారా? ఆపరేషన్ అయితే ఎలా? రాత్రి తల్లీబిడ్డలను ఒకేచోట ఉంచుతారా? పాలు పట్టించడంలో శిక్షణ పొందిన నర్సు ఎవరు, ఆమె రాత్రి డ్యూటీలో ఉంటారా? జవాబుకు బదులు ఏ డబ్బా కొనాలో చెబితే జాగ్రత్తపడండి. 1992లో వచ్చి 2003లో సవరించబడిన చట్టం ప్రకారం రెండేళ్ళలోపు పిల్లల డబ్బాపాలకు, పాలసీసాలకు ప్రకటనలు ఇవ్వడం, ఉచిత నమూనాలు పంచడం, ఆరోగ్య కార్యకర్తలకు కానుకలివ్వడం, వారి సభలకు, శిక్షణలకు ఆ కంపెనీలు ఖర్చు పెట్టడం నిషిద్ధం. వైద్యకారణంతో డబ్బాపాలు నిజంగా అవసరమయ్యే బిడ్డలు కొందరు ఉంటారు. వారికి డాక్టరు కారణం చెప్పి వ్రాస్తారు.

పన్నెండు రోజులప్పుడు మా ఇంట గుటకలు వేసిన ఆ బిడ్డకు ఇప్పుడు నాలుగేళ్ళు. ఆ ఆశా కార్యకర్త మొన్న వచ్చి, రాబోయే శిక్షణలో బాలింత పథ్యం గురించి నన్ను మాట్లాడమన్నదని సిస్టరమ్మ మాటగా చెప్పింది. ఒప్పుకున్నాను. ఉపన్యాసం వద్దట, మిరియాలు, వెల్లుల్లి, మెంతులు, పప్పులు ఎదుట పెట్టుకొని చేసి చూపాలట. అదీ అరగంటలో.